మా చిక్కడపల్లి గురించి కూడా ఒకసారి రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మా ఇంట్లో అందరం చదువుతాం. వారానికోసారి వచ్చే ఇళ్లు, స్థలాల పేజీలు కూడా నేను వదలను. ఎప్పుడు చూసినా కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, కొల్లూరు. ముప్పై అంతస్తులు, నలభై అంతస్తులు, క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, జాగింగ్ ట్రాక్, పిల్లలు ఆడుకోవడానికి ఒక చోటు, పెద్దవాళ్లు కూర్చోవడానికి ఇంకో చోటు. వాటి మీద నాకు కోపమేమీ లేదు, మా అమ్మాయి కాపురం కూడా అటువైపే, వెళ్లినప్పుడు నేనూ ఆ లాన్‌లో నడుస్తాను. కానీ వారం వారం అవే చదువుతుంటే నగరంలో హాయిగా బతకడమంటే గేటు లోపల కొనుక్కునేదే తప్ప ఇంకోటి లేదనిపించేలా ఉంది. గేటు లేని పాత పేటల్లో జనం ఎందుకుంటున్నారు, వేరే చోటికి పోయే స్తోమత లేకా, లేక ఉండబుద్ధయ్యా అని ఎవరూ రాయట్లేదు. మేం హైదరాబాద్ చిక్కడపల్లిలో అద్దెకుంటాం. ఉండబుద్ధయ్యే ఉంటున్నాం. ఎందుకో చెబుదామనీ, ఆ కారణాలు ఒక్కొక్కటే మా కళ్ల ముందే పోతున్నాయి కాబట్టి మిగిలినవాటినైనా కాపాడమని అడుగుదామనీ ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించండి. కుదిరితే కత్తిరించకుండా వేయండి.

చిక్కడపల్లి చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఒక పక్క ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ఇంకో పక్క నారాయణగూడ, వెనక అశోక్‌నగర్, దోమలగూడ, మెయిన్ రోడ్డు దాటితే బాగ్‌లింగంపల్లి. ఆ రోడ్డు మీద పైన మెట్రో, కింద బస్సులు, ఆటోలు, హారన్లు, పక్కన నడిచే మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. దాని మీదుగా వెళ్లిపోయేవాళ్లు అయ్యో ఇక్కడ మనుషులెలా ఉంటున్నారో అనుకుంటారు, మా ఇంటికొచ్చిన చుట్టాలు కూడా మొదటిరోజు అదే మాటంటారు. సందుల్లోకొస్తే సంగతి వేరు. రెండంతస్తుల పాత ఇళ్లు కొన్ని మిగిలాయి, తక్కినవన్నీ అపార్టుమెంట్లు, కింద జిరాక్స్ షాపు, కిరాణా కొట్టు, టైలరు, కర్రీ పాయింట్, పైన కోచింగ్ పిల్లల హాస్టలు, ఆ పక్కనే మూడు తరాలుగా ఉంటున్న కుటుంబం. ప్లాన్లు గీసేవాళ్లకి ఇది గజిబిజిగా కనిపిస్తుందేమో. నాకు మాత్రం ఇక్కడ దొరికిన సుఖాల్లో చాలావరకు ఆ కలగలుపులోంచి వచ్చినవే.

పొద్దున ఆరు దాటేసరికి మా సందు మూలన టిఫిన్ బండి సిద్ధమైపోతుంది. భార్యాభర్తలిద్దరూ నడుపుతారు. ఇడ్లీ, మైసూర్ బజ్జీ ఆమె చూసుకుంటుంది, పెనం ఆయనది. పెనం మీద నీళ్లు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిగడ్డతో గట్టిగా రుద్ది, పిండి పోసి గరిటె అడుగుతో ఒక్క ఊపులో తిప్పేస్తాడు. పైన కారప్పొడి, మధ్యలో గరిటెడు ఉప్మా, ఆ ఉప్మాని దోసె అంతా మెదిపి, అంచులు లేచేదాకా ఆగి మడుస్తాడు. ఉప్మా దోసె హైదరాబాద్‌లో బండి దగ్గరే తినాలి, ఇంట్లో ఎన్ని తంటాలు పడ్డా ఆ అంచు రాదు. పల్లీ చట్నీ ఎంతంటే అంత. మా ఆయనకి కారం పడదని వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, దూరం నుంచి మమ్మల్ని చూడగానే కారం లేనిదొకటి, ఉన్నదొకటి మొదలవుతాయి. చుట్టూ నిలబడి తినేవాళ్లలో కోచింగ్ పిల్లలు, ఆటోడ్రైవర్లు, నైట్ డ్యూటీ దిగొచ్చే నర్సులు, గుడికెళ్లొస్తున్న పెద్దవాళ్లు, అందరూ ఉంటారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, కానీ మా ఆయన ఒక్కరోజు రాకపోతే "ఏమ్మా, సార్ కనబడ్తలేరు" అని ఎవరో ఒకరు అడుగుతారు. నాది తెనాలి దగ్గర పల్లెటూరు, పెళ్లై ఈ ఊరొచ్చిన కొత్తలో ఇక్కడ నన్నెవరు పట్టించుకుంటారని బెంగగా ఉండేది. ఆ బెంగ తీర్చింది ఇలాంటి పలకరింపులే.

ఆకుకూరలమ్మే అవ్వ గురించి కూడా చెప్పాలి. మూసేసిన ఒక షాపు మెట్టు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. పాలకూర, తోటకూర, చుక్కకూర, పుంటికూర, దొరికిన రోజు గంగవాయిలి. మేము గోంగూర అంటాం, ఆవిడ పుంటికూర అంటుంది, ఇప్పుడు నా నోటికీ అదే వస్తోంది. అన్నిటి మీదా తడిగుడ్డ కప్పి ఉంచుతుంది, అడిగితేనే తీస్తుంది. తోటకూర మీద చెయ్యి వేశానంటే "అది వద్దు బిడ్డా, నిన్నటిది, పుంటికూర తీస్కపో" అంటుంది. తన సరుకు తనే వద్దంటుందంటే చూడండి. కట్టలు ఇచ్చాక కొసరుగా నాలుగు రెబ్బల కరివేపాకు సంచిలో పడాల్సిందే, అది వెయ్యకుండా డబ్బు తీసుకోదు. ఫోన్లో ఆర్డరిస్తే పది నిమిషాల్లో కూరగాయలొస్తాయి, మేమూ తెప్పించుకుంటాం, ముసురు పట్టిన రోజు అంతకన్నా ఏం కావాలి, తెచ్చే కుర్రాళ్లు కూడా కష్టజీవులే. కానీ అందులో కొసరు లేదు, ఇది నిన్నటిది వద్దు అని చెప్పే మనిషి లేదు. రెండు రోజులు నేను అటు వెళ్లకపోతే "పానం మంచిగ లేదా" అని అడిగేది ఈ అవ్వే.

మా అత్తయ్యగారి సంగతి రాయకపోతే నేనింతగా ఎందుకు చెబుతున్నానో మీకు అర్థం కాదు. చివరి రోజుల్లో ఆవిడకి మతిమరుపు బాగా వచ్చింది, డాక్టరు డిమెన్షియా అన్నారు. ఒక మధ్యాహ్నం నేను డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చేలోపు గడియ తీసుకుని వెళ్లిపోయారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మెట్లు దిగి పరుగెత్తుతుంటే ఇస్త్రీ బండాయన ఆపి, "పెద్దమ్మ గుడి దిక్కు పోయింది, కాళ్లకు చెప్పులు గూడ లెవ్వు, మా పిల్లగాణ్ణి ఎన్కనే పంపిన, పరేషాన్ గాకు" అన్నాడు. ఆ పిల్లాడు ఆవిడకి అనుమానం రాకుండా నాలుగడుగులు వెనకే నడుచుకుంటూ వెంకటేశ్వరస్వామి గుడి దాకా వెళ్లాడట. గుడి బయట పూలమ్మే ఆమె అత్తయ్యని గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి దారం, ఒడిలో గుప్పెడు మల్లెపూలు ఇచ్చింది. నేను రొప్పుకుంటూ వెళ్లేసరికి అత్తయ్య తల వంచుకుని పూలు కడుతున్నారు. కొడుకు పేరు గుర్తులేని మనిషి, మాల మాత్రం ఎక్కడా వదులు లేకుండా మూరెడు కట్టేశారు. ఇంటికి రమ్మంటే ఇంకా పూలున్నాయి ఆగమన్నారు.

ఆ రోజు నుంచి సందులో అందరి కళ్లూ ఆవిడ మీదే. గేటు దాటితే చాలు, కిరాణా కొట్టాయనో, టైలరో, ఎవరో ఒకరు "ఎండలో ఎటమ్మా, చాయ్ తాగి పోదురు రండి" అని తిప్పి పంపేవారు. ఇళ్ల ప్రకటనల్లో ఇరవై నాలుగు గంటల సెక్యూరిటీ, సీసీ కెమెరాలు అని రాస్తారు. ఉండాలి, వద్దనను. కెమెరాలో ఒక ముసలావిడ నడిచి వెళ్లడం కనిపిస్తుంది. కానీ అది ఆవిడ బయటికెళ్లే వేళ కాదనీ, కాళ్లకి చెప్పుల్లేవనీ పట్టించుకునేది పొద్దస్తమానం ఆ సందులో నిలబడి పనిచేసుకునే మనిషి. ఇస్త్రీ బండిని ఆక్రమణ అంటారు, టిఫిన్ బండిని ఆక్రమణ అంటారు, గుడి ముందు పూలబుట్టనీ ఆక్రమణ అంటారు. ఆ రోజు మా అత్తయ్యని కనిపెట్టుకున్నది ఆ ఆక్రమణదారులే.

మా పేటకి ఇంకో పెద్ద ఆస్తి నగర కేంద్ర గ్రంథాలయం. పొద్దున్నే వెళ్లి చూడండి, తలుపులు తీయకముందే పిల్లలు బ్యాగులతో నిలబడి ఉంటారు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, బ్యాంకు, రైల్వే, ఏ పరీక్షైనా చదివేవాళ్లు అక్కడ దొరుకుతారు. లోపల చోటు దొరకనివాళ్లు చెట్ల కింద కుర్చీ వేసుకుంటారు. నాగర్‌కర్నూల్, సూర్యాపేట, ఆదిలాబాద్, ఎక్కడెక్కడి నుంచో వచ్చి మూడేళ్లు, నాలుగేళ్లు ఇక్కడే గడిపేస్తారు. హాస్టల్లో వాళ్లకి దక్కేది ఒక మంచం, దాని కింద ఒక ట్రంకుపెట్టె, అంతే. మిగతా ఇల్లంతా వాళ్లకి ఈ పేటే. చదువుకునే గది లైబ్రరీ, వంటిల్లు కర్రీ పాయింట్, వసారా చాయ్ బండి. కుక్కర్లో అన్నం వండుకుని, కర్రీ పాయింట్లో పప్పో సాంబారో ఒక ప్యాకెట్ తెచ్చుకుని ఇద్దరు సర్దుకుంటారు, నెలాఖరైతే నగరంలో 2014లో మొదలైన 5 రూపాయల భోజనం వరుసలో నిలబడతారు. కర్రీ పాయింట్ ఆవిడకి ఎవరి నోటిఫికేషన్ ఎప్పుడో, ఎవరి పరీక్షకి జవాబుల కీ ఎప్పుడొచ్చిందో నాకన్నా బాగా తెలుసు. ఫలితాలొచ్చే ముందురోజు సందంతా టెన్షన్. మా పై వాటాలో ఉండే అమ్మాయికి ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి స్వీటు ఇంటికి కాదు, ఆ కర్రీ పాయింట్‌కే వెళ్లింది. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆ పూట అమ్మాయి దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. అద్దెకున్నవాళ్లం కూడా అద్దె రూపంలో దాన్ని కడుతున్నట్టే. ఆ డబ్బుతో నగరంలో ప్రతి పేటకీ ఇలాంటి లైబ్రరీ ఒకటి, రాత్రి దాకా తెరిచి ఉండేది, ఆడపిల్లలకి మంచి బాత్రూములు, తాగడానికి మంచినీళ్లు ఉండేది కట్టొచ్చు కదా. లైబ్రరీ అంటే పుస్తకాలు దాచే చోటు మాత్రమే కాదు. ఇల్లు ఇరుకైనవాళ్లకి ఎవరూ లెమ్మనని కుర్చీ అది. నేను కూడా వేసవి మధ్యాహ్నాలు మా డాబా కింద ఇల్లు కాగిపోతుంటే వారపత్రికలు చదువుకుంటానని వెళ్లి ఫ్యాను కింద కూర్చునేదాన్ని. మీకేం పనమ్మా ఇక్కడ అని ఎవరూ అడగలేదు.

సాయంత్రమైతే త్యాగరాయ గానసభ. కూచిపూడి అరంగేట్రం, పుస్తకావిష్కరణ, పాత సినిమా పాటల కచేరీ, నాటకం, ఏదో ఒకటి ఉంటుంది, చాలావాటికి టికెట్టు ఉండదు, వెళ్లి కూర్చోవడమే. నాకు మాత్రం లోపల కార్యక్రమం కన్నా ముందు ఆ గేటు దగ్గర చూడటం ఇష్టం. ఆటోలోంచి పూర్తి వేషంతో ఎనిమిదేళ్ల పాప దిగుతుంది, కళ్లకి కాటుక చెవులదాకా, జడ కుప్పెలు, గజ్జెలు మోగకుండా రెండు చేతులతో పట్టుకుని నడుస్తుంది, వెనకాల అమ్మ సంచులతో, నాన్న వీడియో తీస్తూ. వాళ్లెవరో నాకు తెలియదు. ఎవరి పిల్లలో తెలియకుండానే ఎన్ని అరంగేట్రాలకి చప్పట్లు కొట్టానో. మా ఎదురింటి పెద్దాయన రిటైరయ్యాక రోజూ అక్కడికే, వేదిక మీద ఎవరున్నా సరే రెండో వరుసలో కూర్చుంటారు. ఆయనకి మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు, బీపీ మాత్ర కన్నా అదే పనిచేస్తోందని వాళ్లావిడ అంటుంది.

ఇవన్నీ నడక దూరమే. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, దాని దగ్గర్లో పార్కు. అటు తిరిగితే ఇందిరా పార్కు, రామకృష్ణ మఠం. డిసెంబరు వస్తే ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల జాతర, దానికి మేం చెప్పులేసుకుని వెళ్లిపోతాం, పార్కింగు బాధ లేదు. నారాయణగూడ దాటి ఇంకొంచెం నడిస్తే సుల్తాన్ బజార్, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం అక్కడే ఉంది. నడవలేని రోజు మెట్రో. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండు దాకా లైను తెరిచారు, మా చిక్కడపల్లికీ స్టేషనొచ్చింది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశాక మా సందులో మోకాళ్ల నొప్పులని గడప దాటని ఇద్దరు పెద్దావిడలు కోఠీకి వెళ్లి గాజులు బేరమాడి వస్తున్నారు. ఆ ఆధార్ కార్డు కవరు, జీరో టికెట్టు ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో. కొడుకుని డబ్బులడక్కుండా, కోడల్ని తోడడక్కుండా ఊళ్లోకి వెళ్లిరావడం వాళ్లకి ఎంత సుఖమో మగవాళ్లకి చెప్పినా తెలియదు.

పండగల సంగతి చెప్పుకుంటూ పోతే పేజీ చాలదు. ఒకటి మాత్రం రాస్తాను. నాకు బతుకమ్మ పేర్చడం రాదు, మా వైపు అది లేదు. మొదటి ఏడాది గుమ్మంలో నిలబడి చూస్తుంటే పక్కింటి వదిన, ఆవిడది వరంగల్ వైపు, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి తాంబాళం ముందు కూర్చోబెట్టింది. గునుగు పూలకి రంగులద్దడం, కాడలు ఒక్క కొలతకి కోయడం, తంగేడు అడుగున గట్టిగా పేర్చకపోతే పైవరసలు జారిపోతాయనడం, అన్నీ ఆవిడ నేర్పినవే. సంక్రాంతికి నేను బొమ్మలకొలువు పెడతాను, అప్పుడు వాళ్ల మనవలు వచ్చి మెట్లు సర్దుతారు. దసరాకి హాస్టళ్లు ఖాళీ అయిపోతాయి కానీ, పరీక్ష దగ్గరపడి ఊరికెళ్లలేకపోయిన అమ్మాయిలు కొందరుంటారు కదా, వాళ్లు మా సందులోనే బతుకమ్మ ఆడతారు. ఊరికి ఫోన్ చేసి "ఇక్కడ గూడ ఆడుతున్నమమ్మా" అని చూపిస్తారు.

ఇదంతా చదివి ఇక్కడ కష్టాల్లేవనుకోకండి. హుస్సేన్ సాగర్ నుంచి మూసీకి పోయే నాలా ఈ బస్తీల మధ్యనుంచే వెళ్తుంది. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు దోమలగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు నీళ్లలో మునిగాయి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు చేరి అక్కడ భద్రపరిచిన అరుదైన పాత ఉర్దూ పుస్తకాలు ఎన్నో నానిపోయాయి. 2020 అక్టోబరులో మళ్లీ అదే భయం. ఇప్పటికీ గట్టివాన పడితే నాలా పక్కన ఉండేవాళ్లు రాత్రంతా నిద్రపోరు. పార్కింగు దగ్గర రోజూ గొడవ. కొత్త సినిమా విడుదలైతే సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల వైపు అడుగు పెట్టలేం. డీజే మోత చెవులు బద్దలు కొడుతుంది, అది పండగ కాదని నా అభిప్రాయం. ఇవన్నీ బాగుపడాలి. బాగుచేసేటప్పుడు బాగున్నవాటిని కూడా పీకేస్తున్నారు, నా గొడవంతా అదే.

ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ జంక్షన్ దాకా 2023 ఆగస్టులో స్టీలు బ్రిడ్జి తెరిచారు. 450 కోట్లు ఖర్చయింది. మంచిదే, క్రాస్ రోడ్స్ దగ్గర ఆగిపోయే బండ్లు ఇప్పుడు పైనుంచి వెళ్లిపోతున్నాయి. కానీ పైనుంచి వెళ్లిపోయేవాళ్లకి అంత చేశాం కదా, కింద ఉండిపోయేవాళ్లకి ఏం చేశాం? స్తంభాల మధ్య రోడ్డు దాటాలంటే ముసలివాళ్లు పిల్లల చెయ్యి పట్టుకోవాలో, పిల్లలు ముసలివాళ్ల చెయ్యి పట్టుకోవాలో తెలియదు. ఫుట్‌పాత్ చాలాచోట్ల మనిషి పట్టేంత లేదు, ఉన్నచోట బైకులు. అందరూ తోపుడుబండ్లవాళ్లే అడ్డం అంటారు. ఒకసారి నడిచి చూడండి. టిఫిన్ బండి పొద్దున నాలుగు గంటలుండి వెళ్లిపోతుంది, అక్కడే పెట్టేసిన కారు వారం రోజులైనా కదలదు. ఆ కారుని ఎవరూ ఆక్రమణ అనరు.

మా సందు చివర కానుగ చెట్టు కింద ఒక సిమెంటు బెంచీ ఉండేది. ఎవరు వేయించారో, ఎప్పుడు వేశారో కూడా తెలియదు, వెనక రాసిన పేరు చెరిగిపోయింది. పొద్దున పేపరు చదివే ముసలాయనలు, పదకొండింటికి పని ముగించుకుని పక్క ఇంటికి వెళ్లే ముందు కాళ్లు చాపుకునే పనిమనుషులు, మధ్యాహ్నం డెలివరీ కుర్రాళ్లు, సాయంత్రం హాస్టల్ అమ్మాయిలు ఫోన్లు మాట్లాడుకుంటూ, ఇలా ఆ బెంచీ ఖాళీగా ఉండటం నేను చూడలేదు. వాళ్లెవరూ ఒకరితో ఒకరు ఏర్పాటు చేసుకోలేదు, అలా వంతులు కుదిరిపోయాయి. డ్రైనేజీ పైపులు వేస్తామని దాన్ని తీసి పక్కన పడేశారు, పైపులేశారు, మన్ను పూడ్చారు, బెంచీ మాత్రం మళ్లీ పెట్టలేదు. పనిచేయించే ఆయన్ని అడిగితే నడిచేవాళ్లకి అడ్డమమ్మా అన్నారు. ఇప్పుడు అక్కడ రెండు బైకులు, పాడైపోయిన ఒక స్కూటరు ఉన్నాయి. పనిమనుషులు ఎక్కడ కూర్చుంటున్నారా అని చూశాను, మా మెట్ల మీద, వాచ్‌మన్ లేమంటే లేస్తూ. పేపరు చదివే పెద్దాయన ఒకరు ఇంట్లోంచి రావడమే మానేశారు. బెంచీకి పెద్ద ఖర్చేం కాదు. కానీ అది ఉందని ఏ కాగితంలోనూ లేదు, అందుకే పోయిందని కూడా ఏ కాగితంలోనూ రాదు.

బండ్లు, బుట్టల వాళ్ల కోసం 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. ముందు సర్వే చెయ్యాలి, ఉన్నవాళ్లందరికీ సర్టిఫికెట్లు ఇవ్వాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. చట్టంలో ఇంత చక్కగా రాసి ఉంది. మా ఆకుకూరల అవ్వకి ఇవేవీ తెలియదు. బండ్లని లేపే మున్సిపాలిటీ లారీ వస్తోందని ఎవరో కేక వేస్తే గోనెపట్టా నాలుగు మూలలూ ఎత్తి మూటకట్టుకుని మా గేటు లోపలికి వచ్చేస్తుంది, కాసేపు ఆగి మళ్లీ వెళ్లి పరుస్తుంది. నడిచేవాళ్లకి దారి ఉండాల్సిందే, నేనే రోజూ నడిచే మనిషిని. ఒక గీత గీసి, అవ్వా నువ్వు ఈ గీత లోపల కూర్చో, తొమ్మిదింటిదాకా అమ్ముకో అంటే ఆవిడ దాటదు. గీత గీసే తీరిక లేదు కానీ లారీకి తీరిక ఉంది.

కొత్తగా కట్టే అపార్టుమెంట్లలో కింద అంతా పార్కింగే, కొట్టు గదులు ఉండట్లేదు. అలాంటివి వరసగా మూడు వస్తే ఆ సందు రాత్రి ఎనిమిదింటికే చీకటి. మా అమ్మాయి ట్యూషన్ నుంచి తొమ్మిదింటికి నడిచి వస్తున్న రోజుల్లో నాకెప్పుడూ భయం లేదు, కిరాణా కొట్టు లైటు, మందుల షాపు లైటు, ఇస్త్రీ బండాయన రేడియో దారి పొడుగునా ఉండేవి. ఇప్పుడు పై వాటా అమ్మాయిలు రెండో వీధి చుట్టు తిరిగొస్తున్నారు.

అందుకని మీకు నా మనవి. ఒక్క ఆదివారం మీ ఇళ్లు, స్థలాల పేజీల్లో మా చిక్కడపల్లి లాంటి పేట గురించి రాయండి. విజయవాడ సత్యనారాయణపురం గురించి, వరంగల్ పాత వీధుల గురించి అక్కడివాళ్ల చేత రాయించండి, వాళ్లకీ చెప్పడానికి చాలా ఉంటుంది. మా దగ్గరికి విలేకరిని పంపితే పండగ రోజు వద్దు, మామూలు పనిదినం పొద్దున్నే పంపండి, అవ్వ తొమ్మిదింటికల్లా లేచిపోతుంది. తిరిగి చూశాక అధికారుల్ని రెండు ప్రశ్నలు అడిగి జవాబులు అచ్చువేయండి. వీధి వ్యాపారుల సర్వేలో మా సందువాళ్ల పేర్లున్నాయా, ఉంటే వాళ్ల సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు? ఏ రోడ్డు పనికైనా టెండరు పిలిచేముందు అక్కడ బెంచీలెన్ని, చెట్లెన్ని, బండ్లెన్ని అని రాసుకుని, పని అయ్యాక వాటిని తిరిగి పెట్టించే బాధ్యత ఎవరిదో ఆ టెండరులోనే ఎందుకు పెట్టకూడదు? బెంచీ మళ్లీ వేయిస్తామంటే సగం ఖర్చు మా సందువాళ్లం వేసుకుంటాం, ఇప్పటికే మాట్లాడుకున్నాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్.